ఒకటికి పైన, ఒకటికి కింద

2021 చివర్లో కారు కొందామని షోరూముకి వెళ్తే ఆరు నెలలు ఆగమన్నారు. బండి సిద్ధంగానే ఉందట, లోపల పెట్టాల్సిన చిప్పులే లేవట. ఆ మాట వినగానే నాకు ఠక్కున ఒక లెక్క తోచింది. చిప్పులు దొరకడం లేదంటే కంపెనీలు కొత్త ఫ్యాక్టరీలు కడతాయి. ఫ్యాక్టరీలు కడితే వాటిలోకి యంత్రాలు కావాలి. ఆ యంత్రాలు చేసే పెద్ద కంపెనీలు ప్రపంచం మొత్తమ్మీద ఐదో ఆరో: అప్లైడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్, కేఎల్ఏ, టోక్యో ఎలక్ట్రాన్, ఏఎస్ఎమ్ఎల్. ఇంత తేలికైన లెక్క ఇంకెవరికీ తట్టలేదా అనుకుంటూ కారు కోసం దాచిన డబ్బుతో రెండు కంపెనీల షేర్లు కొన్నాను.

అందరికీ తట్టింది, నాకంటే ఏడాది ముందే తట్టింది. 2022 అక్టోబరు 7న అమెరికా ప్రభుత్వం చైనాకి ఈ యంత్రాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఆ మరుసటి వారం భయపడి మొత్తం అమ్మేశాను. ఫిలడెల్ఫియా సెమికండక్టర్ సూచీ అప్పటికి తన శిఖరం నుంచి దాదాపు 45 శాతం పడిపోయి ఉంది. నేను అమ్మిన వారమే దానికి అడుగు. ఆ తర్వాత అది మళ్ళీ అంత కిందికి పోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అన్నీ అమ్మేశాక ఈ పరిశ్రమ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నాలాంటివాళ్ళు ప్రతి పదేళ్ళకీ ఒక విడత వస్తారని తెలిసి కొంచెం ఊరట కలిగింది. అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఒక సంఖ్య కథ.

దాని పేరు బుక్-టు-బిల్. సెమీ అనే పరికరాల తయారీదార్ల సంఘం దాన్ని నెలనెలా ప్రకటించేది. ఉత్తర అమెరికా కంపెనీలకి మూడు నెలల్లో సగటున వచ్చిన కొత్త ఆర్డర్ల విలువని, ఆ మూడు నెలల్లో సరుకు పంపి బిల్లు వేసిన విలువతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. 1.10 అంటే వంద డాలర్ల సరుకు పంపిన కాలంలో నూటపది డాలర్ల కొత్త ఆర్డర్లు వచ్చాయని. ఒకటికి పైన ఉంటే మంచిరోజులు, ఒకటికి కింద ఉంటే గడ్డురోజులు. దీన్ని చూసి షేర్లు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఫలానా నెలలో ఒకటి దాటుతుందని పందాలు కాసినంత పని చేసేవాళ్ళు ఉండేవారు. అర్థం చేసుకోవడం తేలిక, వాడుకోవడం కష్టం అని చెప్పడానికి ఇంతకంటే మంచి సంఖ్య నాకు కనబడలేదు.

ముందు అసలు ఈ యంత్రాల వ్యాపారం ఎందుకింత ఊగుతుందో చూడాలి. ఒక జిల్లాలో వంద బియ్యం మిల్లులు ఉన్నాయనుకోండి. ఒక్కో మిల్లు యంత్రం పదేళ్ళు పనిచేస్తుంది. అంటే ఏటా పది యంత్రాలు పాతబడతాయి, యంత్రాలు చేసేవాడు ఏటా పది అమ్ముతాడు. ఒక సంవత్సరం ధాన్యం పది శాతం ఎక్కువ పండింది. ఇప్పుడు నూటపది మిల్లులు కావాలి. పాతవాటి బదులు పది, కొత్తగా పది, మొత్తం ఇరవై. ధాన్యం పెరిగింది పది శాతం, యంత్రాల అమ్మకం రెట్టింపు. మరుసటి ఏడు పంట తగ్గలేదు, అంతే పండింది. కొత్త మిల్లు ఎవరికీ అక్కర్లేదు. యంత్రాల అమ్మకం మళ్ళీ పదికి పడిపోతుంది. ఒక్క గింజ కూడా తగ్గకుండా యంత్రాలవాడి వ్యాపారం సగమైంది! జాన్ మారిస్ క్లార్క్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1917లోనే ఈ సంగతి రాశాడు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ భాషలో చెప్పాలంటే చిప్పుల అమ్మకం వేగమైతే, యంత్రాల అమ్మకం త్వరణం. ఆ యంత్రాల కంపెనీ షేరు ధర ఇంకో మెట్టు పైన ఉంటుంది: త్వరణం ఎటు మారబోతోందో ఊహించే ప్రయత్నం అది. పుస్తకంలో దాని పేరేదైనా, దాని మీద డబ్బు పెట్టేవాడికి రాత్రుళ్ళు నిద్ర ఉండదు.

దీనికి తోడు ఆలస్యం. ఆర్డరు ఇచ్చాక యంత్రం రావడానికి నెలలు పడుతుంది, ఫ్యాబ్ కట్టడానికి రెండు మూడేళ్ళు. కొరత ఉన్నప్పుడు కొనేవాళ్ళు అవసరానికి మించి ఆర్డరు పెడతారు, కొరత తీరగానే రద్దు చేస్తారు. ధర చూసి మిర్చి వేసిన గుంటూరు రైతుకి, ఆ ధర చూసి పక్క ఊళ్ళవాళ్ళూ వేశారని కోతలయ్యాక గానీ తెలియదు. ఇక్కడా అంతే.

ఈ ఆలస్యాల వల్లే వ్యాపారాలు వాటంతటవే ఊగుతాయని గట్టిగా చూపించినవాడు ఎమ్ఐటీలో పనిచేసిన జే ఫారెస్టర్. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ కెంటకీ ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు మూడు షిఫ్టులు నడవడం, ఆ తర్వాత సగం మందిని ఇంటికి పంపడం ఎందుకు జరుగుతోందని ఆయన్ని అడిగారు. కాగితం, పెన్సిల్ తీసుకుని వారం వారం లెక్కవేసి చూస్తే, బయట గిరాకీలో పెద్ద మార్పు లేకపోయినా సరే, లోపలి నిర్ణయాలే ఆ ఊపుని పుట్టిస్తున్నాయని తేలింది. 1961లో ఆయన దీని మీద పుస్తకం రాశాడు. ఇందులో నాకు నచ్చిన పిడకలవేట ఏమిటంటే, ఈ ఫారెస్టరే అంతకు ముందు కంప్యూటర్లకి మాగ్నెటిక్ కోర్ మెమరీ కనిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. 1970లో ఇంటెల్ 1103 అనే మెమరీ చిప్పు వచ్చి ఆ కోర్ మెమరీని మూలన పడేసింది. ఆయన సృష్టిని మింగిన పరిశ్రమకి పట్టిన జబ్బు ఏమిటో, ఆ పరిశ్రమ నడక నేర్వకముందే ఆయన రాసిపెట్టాడు.

ఊగుతుందని తెలిస్తే చాలు కదా, అడుగున కొని పైన అమ్మితే సరి! నేనూ అలాగే అనుకున్నాను. అడుగు ఎలా ఉంటుందో రెండు కంపెనీల కథ చూడండి.

అప్లైడ్ మెటీరియల్స్‌ని 1967లో మైకేల్ మెక్‌నీలీ మొదలుపెట్టాడు. 1972లో షేర్లు జనానికి అమ్మారు. 1974-75 మాంద్యంలో కంపెనీ దివాలా అంచుకి పోయింది. 1976లో జేమ్స్ మోర్గన్ వచ్చి, అక్కర్లేని వ్యాపారాలు వదిలించి, యంత్రాల మీదే దృష్టిపెట్టి నిలబెట్టాడు. 1979లో జపాన్‌లో సొంత శాఖ పెట్టాడు. అప్పట్లో అమెరికన్ కంపెనీలు అంతగా చెయ్యని పని అది. 

రెండోది జీసీఏ. మసాచుసెట్స్ కంపెనీ. చిప్పు మీద గీతల్ని కాంతితో అచ్చువేసే యంత్రాన్ని లితోగ్రఫీ యంత్రం అంటారు. మొత్తం సిలికాన్ పలకనీ ఒకేసారి అచ్చువెయ్యకుండా, ఒక్కో ముక్క మీదా ఆగి అచ్చువేసుకుంటూ జరిగే యంత్రం స్టెపర్. దాన్ని 1978లో మొదట మార్కెట్లోకి తెచ్చింది జీసీఏనే. నాలుగైదేళ్ళు రాజ్యమేలింది. గిరాకీ ఎక్కువై కొనేవాళ్ళు క్యూ కట్టినప్పుడు ఏ కంపెనీకైనా ఒక రకమైన పొగరు వస్తుంది. జీసీఏకీ వచ్చింది. యంత్రాలు మొరాయిస్తున్నాయని, లెన్సులు కుదురుగా ఉండటం లేదని ఫ్యాబ్‌ల వాళ్ళు మొత్తుకున్నా పట్టించుకోలేదు. అంతలో జపాన్ నుంచి నికాన్ 1980లో తన స్టెపర్‌తో దిగింది.

1985లో ప్రపంచ చిప్పుల అమ్మకాలు ఒక్కసారిగా కూలాయి. ఇంటెల్ తను పుట్టించిన మెమరీ వ్యాపారాన్నే వదిలేసింది ఆ ఏడాదే. యంత్రాల ఆర్డర్లు ఎండిపోయాయి. ఆ 1985లో మీరు మదుపుదారు అనుకోండి. చక్రం గురించి మీకు బాగా తెలుసు. మార్కెట్‌ని కనిపెట్టిన కంపెనీ జీసీఏ అడుగున దొరుకుతోంది. పుస్తకంలో చెప్పినట్టు కొన్నారు. చక్రం తిరిగింది, మీరనుకున్నట్టే రెండేళ్ళలో చిప్పులకి మంచిరోజులొచ్చాయి. జీసీఏకి మాత్రం రాలేదు. 1988లో జనరల్ సిగ్నల్ అనే కంపెనీ దాన్ని కొంది. ప్రభుత్వమూ చిప్పు కంపెనీలూ కలిసి పెట్టిన సెమాటెక్, రాబర్ట్ నోయిస్ నాయకత్వంలో, దానికి ఊపిరి పోయడానికి చూసింది. కొత్త యంత్రం బాగానే వచ్చిందంటారు. కానీ ఫ్యాబ్‌లన్నీ అప్పటికి నికాన్‌కి అలవాటుపడిపోయాయి. 1993లో మూసేశారు.

అదే గడ్డుకాలంలో అప్లైడ్ మెటీరియల్స్ డబ్బు ఖర్చుపెట్టి ఒక కొత్త యంత్రం మీద పనిచేసింది. 1987లో వచ్చిన ఆ ప్రెసిషన్ 5000 ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంకో విచిత్రం: ఫిలిప్స్, ఏఎస్ఎమ్ ఇంటర్నేషనల్ కలిసి 1984లో, అంటే ఆ కూలడానికి సరిగ్గా ముందు, ఫిలిప్స్ భవనం పక్కన ఒక షెడ్డులో మొదలుపెట్టిన లితోగ్రఫీ కంపెనీ ఏఎస్ఎమ్ఎల్. దాని మొదటి యంత్రం నూనె ఒత్తిడితో కదిలేది, ఎవరికీ నచ్చలేదు. మార్కెట్ బాగున్న కాలమైతే పోటీవాళ్ళు ఆ రెండేళ్ళలో అందనంత దూరం పోయేవాళ్ళు. ఎవరూ ఏమీ కొనని కాలం కాబట్టి, ఇంకో యంత్రం చేసుకునేంత వ్యవధి దొరికింది. ఇది నా ఊహే గానీ, 1985 పతనం లేకపోతే ఈరోజు మనం ఏఎస్ఎమ్ఎల్ పేరు విని ఉండేవాళ్ళం కాదేమో.

1975 అప్లైడ్‌నీ 1985 జీసీఏనీ అడుగున ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు బతుకుతారో ఆర్డర్ల సంఖ్య చెప్పదు. ఇద్దరి షేర్ల గ్రాఫూ ఒకేలా నేల చూపులు చూస్తూ ఉంటుంది.

సరే, బతికేవాడెవడో తెలిసిపోయిందనుకుందాం. అప్పుడైనా ఆ నిష్పత్తి ఎప్పుడు కొనాలో చెప్పేదా? 2000లో ప్రపంచవ్యాప్తంగా యంత్రాల అమ్మకం 4,700 కోట్ల డాలర్లు దాటింది. 2002కి 2,000 కోట్ల లోపుకి వచ్చింది. 2001 వసంతంలో బుక్-టు-బిల్ సగానికి కింద ఉంది. సరుకు వంద డాలర్లది పోతుంటే కొత్త ఆర్డర్లు యాభైకి కూడా రావడం లేదు. 2002 వసంతానికి అది మళ్ళీ ఒకటి దాటింది. నియమం ప్రకారం కొనాల్సిన సమయం. అలా కొన్నవాళ్ళ కళ్ళముందే సూచీ అక్టోబరుకల్లా సగానికి పైగా పడిపోయింది.

ఏం జరిగింది? నిష్పత్తి అబద్ధం చెప్పలేదు. భిన్నంలో రెండు భాగాలు ఉంటాయని మర్చిపోయింది మనమే. ఆర్డర్లు పెద్దగా పెరగకపోయినా, కింద ఉన్న బిల్లుల మొత్తం బాగా కుంచించుకుపోతే భాగహారం ఒకటి దాటుతుంది. వంద మంది పనిచేసిన చోట నలభై మంది మిగిలి, ఆ నెల ఇద్దరిని కొత్తగా తీసుకున్నారనుకోండి. అభివృద్ధే మరి! నేను రోజూ డాష్‌బోర్డులు చేసే మనిషిని. శాతాన్ని చూపించి అసలు సంఖ్యని దాచే డాష్‌బోర్డు ఎంత మోసం చేస్తుందో నాకు తెలియాలి. అయినా ఈ సంగతి ఇక్కడ తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తర్వాతి విడతకి వస్తే, 2008 నవంబరులో సూచీ అడుగు తాకింది. లీమన్ బ్రదర్స్ మునిగిన రెండు నెలలకి. బుక్-టు-బిల్ ఆ తర్వాత కూడా ఇంకా దిగుతూనే ఉంది, 2009 మొదట్లో సగం దగ్గరికి వచ్చింది. అది ఒకటి దాటింది 2009 జులైలో, ఆ సంఖ్య బయటికి వచ్చింది ఆగస్టులో. అప్పటికి సూచీ అడుగునుంచి ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. ఈసారి సంకేతం నిజమే, కానీ బస్సు వెళ్ళిపోయాక వచ్చింది. అయినా కొన్నవాళ్ళు బాగుపడ్డారు, ఎందుకంటే 2009లో 1,592 కోట్ల డాలర్లున్న యంత్రాల అమ్మకం 2010లో 3,954 కోట్లకి ఎగిరింది. ఒకే సంకేతం 2002లో ముంచింది, 2009లో ఆలస్యంగానైనా గట్టెక్కించింది. రెండిటికీ తేడా ఆ నెలలో కూర్చుని ఎవరైనా చెప్పగలిగేవారా? నాకు నమ్మకం లేదు.

ఇంకో మాయ ఉంది. షేరు చవగ్గా ఉందో లేదో చూడటానికి మామూలుగా ధరని లాభంతో భాగిస్తారు. ఊగే పరిశ్రమల్లో అది తలకిందులవుతుంది. మంచిరోజుల శిఖరం మీద లాభాలు ఎక్కువ కాబట్టి షేరు చవగ్గా కనిపిస్తుంది. అడుగున లాభాలే ఉండవు కాబట్టి భరించలేనంత ప్రియంగా కనిపిస్తుంది. పీటర్ లించ్ 1989లో రాసిన పుస్తకంలో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. ఆ పుస్తకం నా అలమరలో 2015 నుంచీ ఉంది.

పోనీ, అసలు ఎప్పుడూ అమ్మకుండా కూర్చుంటే? 2000 శిఖరంలో అప్లైడ్ మెటీరియల్స్ కొన్నవాడిని తీసుకోండి. మంచి కంపెనీ, బతికి బట్టకట్టిన కంపెనీ. ఆ ఏడు 956 కోట్ల డాలర్లున్న దాని అమ్మకాలు 2003కి 448 కోట్లయ్యాయి. 2007లో ఆ 956 కోట్లని మళ్ళీ దాటాయి. అంటే వ్యాపారం కోలుకోవడానికి 7 ఏళ్ళు. షేరు ధర 2000 నాటి ఎత్తుని మళ్ళీ చూడటానికి 17 ఏళ్ళు పట్టింది. ఆ రోజు పుట్టిన పిల్ల ఇంటర్ పూర్తిచేసేసింది.

ఇక ఆ సంఖ్య చివరికి ఏమైందో చెప్పాలి. చిప్పులకి కూడా ఒకప్పుడు ఇలాంటి నిష్పత్తే ఉండేది, చిప్పు కంపెనీల సంఘం ప్రకటించేది. మార్కెట్ దాన్ని చూసి అతిగా ఊగిపోతోందని 1996 చివర్లో ఆపేశారు. యంత్రాల బుక్-టు-బిల్‌ని సెమీ 2017 మొదట్లో ఆపేసింది. కొనేవాళ్ళు తగ్గిపోయారు అప్పటికి. అధునాతన చిప్పులకి టీఎస్ఎమ్‌సీ, శాంసంగ్, ఇంటెల్, మెమరీకి శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్. ఇద్దరు ముగ్గురి ఆర్డర్లు ఒక నెల అటూ ఇటూ అయితే పరిశ్రమ మొత్తం తలకిందులైనట్టు కనబడుతుంది. మూడోది ఏఎస్ఎమ్ఎల్. 2024 అక్టోబరు 15న దాని ఫలితాలు పొరపాటున ఒకరోజు ముందే సైట్లో కనబడ్డాయి. ఆర్డర్లు 260 కోట్ల యూరోల పైచిలుకు, జనం అనుకున్నదాంట్లో సగం. షేరు ఆ ఒక్క రోజే 16 శాతం పడింది. 2026 నుంచి మూడు నెలలకోసారి ఆర్డర్ల సంఖ్య చెప్పడం మానేస్తామని కొద్ది నెలల్లోనే కంపెనీ ప్రకటించింది. జ్వరం చూసి కంగారుపడుతున్నారని థర్మామీటరు దాచేసినట్టుంది అని నేను మొదట నవ్వుకున్నాను. తర్వాత అనిపించింది, వాళ్ళ బాధా నిజమే. మూడు నెలల ముక్కల్లో చూడటానికి వీల్లేని వ్యాపారాన్ని మూడు నెలల ముక్కల్లో చూస్తున్నది మనమే.

నా 2022కి వస్తాను. ఆ పతనంలో మార్కెట్ భయపడింది దేనికి? మరుసటి ఏడాది యంత్రాల అమ్మకం కుప్పకూలుతుందని. మెమరీ కంపెనీలు నిజంగానే ఖర్చులు కోసేశాయి. కానీ ఆంక్షలు ఇంకా బిగుసుకుంటాయన్న భయంతో చైనా కంపెనీలు తమకి దొరికే యంత్రాలన్నీ కొనుక్కున్నాయి. 2024 మొదటి మూడు నెలల్లో ఏఎస్ఎమ్ఎల్ అమ్మిన యంత్రాల విలువలో చైనాది 49 శాతం. మొత్తమ్మీద 2022లో 10,760 కోట్ల డాలర్లున్న అమ్మకం 2023లో 10,630 కోట్లు. ఒక శాతం చిల్లర తగ్గింది, అంతే. నన్ను అమ్మేలా చేసిన ఆంక్షలే, వక్రమార్గంలో, అమ్మకాల్ని నిలబెట్టాయి. ఇది ముందే ఊహించానని చెప్పేవాళ్ళని ఇద్దరిని కలిశాను. ఇద్దరూ 2024లోనే చెప్పారు.

మొత్తం పడకపోయినా, పడిన ముక్కలో మనుషులున్నారు. నాతో ఇంజనీరింగ్ చదివిన ఒకడు ఇలాంటి యంత్రాల కంపెనీ ఒకదాంట్లో, కస్టమర్ ఫ్యాబ్‌లో యంత్రాలు బిగించి నడిపించే పని చేసేవాడు. పేరు అనవసరం. వాడి టీము పనంతా మెమరీ ఫ్యాబ్‌లలోనే. 2023 జనవరిలో ఉద్యోగం తీసేశారు. హెచ్-1బీ వీసా, అరవై రోజుల గడువు, ఏడు నెలల పాప. ఫోన్లో "మామా, ఇదంతా సైకిలే అంటున్నారు, మళ్ళీ లేస్తుందట" అన్నాడు. నేను అటువైపు నుంచి ఊఁ కొడుతున్నానే గానీ, ఎదురుగా స్క్రీన్ మీద సూచీ అక్టోబరు అడుగు నుంచి దాదాపు మూడోవంతు లేచి ఉంది. మార్కెట్‌కి గడ్డురోజులు అయిపోయాయి, వాడికి అప్పుడే మొదలయ్యాయి. షేరు ధర ఆరు నెలలు ముందు నడుస్తుంది, జీతం ఆరు నెలలు వెనక. గ్రాఫులో ఆ రెండిటి మధ్య దూరాన్ని చాలామంది అవకాశం అంటారు, నేనూ అన్నాను. వాడు ఆ దూరంలో ఇల్లు ఖాళీ చేసి, సామాను అమ్ముకుని, భార్యాబిడ్డల్ని విజయవాడ పంపించి, యాభై మూడో రోజున వేరే రాష్ట్రంలో తక్కువ జీతానికి ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాడు.

ఏడాదిన్నర తర్వాత పాత మేనేజరే పిలిచాడు, వెనక్కి వెళ్ళాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. ఆదివారాలు కూడా ఫ్యాబ్‌లోనే ఉంటున్నాట్ట, బిగించాల్సిన యంత్రాలు పెట్టెల్లోనే పడి ఉన్నాయట, చేతులు చాలట్లేదట. "మనవాళ్ళెవరైనా ఉంటే రెజ్యూమె పంపమను మామా, ఎవరొచ్చినా తీసుకుంటున్నారు" అన్నాడు. ఇద్దరి పేర్లు చెప్పాను. పాప స్కూలు గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని వాడి కంపెనీ షేరు ధర చూడటం.